ఒకే ఇంట్లో ఇద్దరు నైట్ ఔల్స్

రాత్రంతా ఆసుపత్రి వార్డులో కాళ్లరిగేలా తిరిగొచ్చిన నర్సు కోడలు కళ్లు మూసిందో లేదో, వంటింట్లో మిక్సీ గుర్రుమంది. "పట్టపగలు ఈ నిద్రేంటో, ఇంటికి దరిద్రం!" అని అత్తగారు సణిగింది.

ఇంతలో పక్కింటావిడ వచ్చింది. అత్తగారు వెంటనే మిక్సీ ఆపి గొంతు తగ్గించింది. "మెల్లగా వదినా, మా చిన్నోడు పడుకున్నాడు. తెల్లవార్లూ ఫోన్లో సినిమాలు చూస్తాడు. అలాంటివాళ్లని ఇంగ్లీషులో నైట్ ఔల్ అంటారంట!" ఆ మాటలో ఎంత మురిపెమో!

కోడలికి ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి, మిక్సీ ఎత్తుకెళ్లి, మరిది తల దగ్గర పెట్టి స్విచ్ నొక్కింది. అతగాడు దుప్పటితో సహా కిందపడ్డాడు.

"అయ్యయ్యో, వాడు నైట్ ఔలే!"

"నేనూ అదే అత్తయ్యా! ఇంగ్లీషు మాట వాడికీ, దరిద్రం నాకూనా? నేను పడుకున్నప్పుడు మిక్సీ వెయ్యాలంటే, ఇక్కడే వేసుకోండి."