కబుర్ల వేళ మాత్ర

క్రీము గులాబీకి మూడో రేక పెడుతుండగా ఆమె కుడిచేయి ఉలిక్కిపడింది. మనిషి ఉలిక్కిపడలేదు, చేయి ఒక్కటే. గులాబీ కాస్తా కేకు మీద తోకచుక్క అయి కూర్చుంది.

"కొత్త పెళ్లికూతురు కదా. చేతులిక్కడ, మనసు ఇంటి దగ్గర," అన్నాడు బేకరీ మాస్టరు, కత్తితో ఆ క్రీము గీసేస్తూ. ఓవెన్ దగ్గరున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే చేతిని ఏప్రాన్ కింద దాచుకుంది. పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్షు కూడా ఇలాగే ఎగిరి బకెట్లో పడింది.

ఆమెకు చిన్నప్పటినుంచీ ఫిట్స్. ఈ కుదుపులు దేనికి ముందు వస్తాయో ఆమెకు బాగా తెలుసు. మాత్రలు వేళకు వేసుకున్నన్నాళ్లూ అవి దరిదాపులకు రాలేదు.

పెళ్లికి ముందే ఈ సంగతి కాబోయే భర్తకు చెప్పింది. "అంతేనా? నేను గురక పెడతా మరి," అన్నాడతను. ఆ మాటతోనే అతను ఆమె మనసులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

చిక్కంతా సాయంత్రం మాత్రతోనే. అది వేసుకున్న కాసేపటికి రెప్పలు బరువెక్కి వాటంతటవే వాలిపోతాయి. అతను బస్సుల షెడ్డులో మెకానిక్కు, సరిగ్గా ఆ వేళకే ఇంటికొస్తాడు. చేతుల గ్రీజు వదిలించుకున్నాక ఇద్దరూ బాల్కనీలో ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటారు, ఇంట్లో ఇంకో కుర్చీ లేక కాదు. సూపర్‌వైజర్ దగ్గు, డ్రైవర్ల అలకలు, అన్నీ గొంతు మార్చి మార్చి చెప్తాడు. వాటి మధ్యలో నిద్రపోవడమంటే ఆకలి మీదున్నప్పుడు ముందున్న కంచం లాగేసినట్టే.

అందుకని ఒకరోజు మాత్ర మానేసింది. ఏమీ కాలేదు. ఇంకో రోజు మానేసింది. తర్వాత అదే అలవాటైపోయింది. మనసు పీకినప్పుడల్లా దానికో జవాబు చెప్పి నోరు మూయించేది: ఊపిరి క్లాసుకు వెళ్తున్నాగా.

ఆ ప్రాణాయామం క్లాసు బేకరీ వెనక వీధిలో ఓ మేడ మీద జరుగుతుంది. "మాత్రలు వేసుకునేవాళ్లు వేసుకుంటూనే ఉండండి. నేను నేర్పేది మనసు కుదుట పడడానికే," అని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ ముక్కను మాత్రం ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

ఆ రోజు క్లాసులో కళ్లు మూసుకున్నా ఆమెకు బేకరీలో కేకే కనబడింది. లోపలికి పీల్చమన్నప్పుడు వదిలింది, వదలమన్నప్పుడు పీల్చింది. మెట్లు దిగుతుంటే కొత్తగా చేరిన దర్జీ అక్క వచ్చి చేయి పట్టుకుంది.

"చెల్లీ, నీక్కూడా నా జబ్బేనటగా. ఎంత కళకళలాడుతున్నావే. ఈ ఊపిరితోనే తగ్గిందా?"

"బాగానే ఉంటోందక్కా."

"అయితే మాత్రలు మానేశావా? నాకూ వాటితో ఒకటే మగత, కుట్టు వంకరపోతోంది. నువ్వు ఊఁ అన్నావంటే రేపట్నుంచి ఆ డబ్బా అటకెక్కించేస్తా."

ఊఁ అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. ఇంతలో, నడుస్తున్న మిషను మీదికి ఈవిడ ఒరిగిపోతే, పక్కనే ఆ పెద్ద కత్తెర ఉంటే, అన్న ఊహ రాగానే తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా, మానకు. నేను మానేసింది ఊపిరిని నమ్మి కాదు. మా ఆయన కబుర్ల కోసం."

దర్జీ అక్క మెట్టు మీదే ఆగిపోయింది. "అంత బాగా చెప్తాడా?"

"చెప్తారు. కానీ చేతులు ఎగురుతున్నాయి. నాకు భయంగా ఉందక్కా. నువ్వు మగత సంగతి డాక్టరునే అడుగు."

"నాకు చెప్పావు సరే. నీ సంగతో?"

ఆమె వీధి చివరిదాకా నడిచింది, మళ్లీ వెనక్కొచ్చింది, చివరికి తనకు మందులిచ్చే డాక్టరమ్మకు ఫోను చేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటేనే తేలిగ్గా ఉండేది. మాత్ర ఈ రోజే మళ్లీ మొదలుపెట్టమంది, మానేసినవన్నీ కలిపి మింగొద్దంది. "పొద్దున్నే రండి. ఒంటరిగా మాత్రం రాకండి. మీ ఆయన్ని తీసుకురండి."

అంటే అతనికి చెప్పక తప్పదన్నమాట.

అతను వచ్చేసరికి ఆమె వంటగదికీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. అతను రెండో చెప్పు విడవకముందే మొత్తం చెప్పేసింది.

అతను నవ్వలేదు. ఓ చెప్పు కాలికి, ఓ చెప్పు చేతిలో, అలాగే ఉండిపోయాడు.

"నా వాగుడు కోసమా?"

ఆమె తలూపింది.

"నోర్మూసుకోరా అని మా అమ్మ నన్ను పెంచింది. నువ్వేమో దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నావు." గొంతులో కోపం దాగలేదు. "నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే మీరు కబుర్లు మానేస్తారని."

"మానడం నా వల్ల అవుతుందా?"

నీళ్లు తనే తెచ్చాడు. మాత్ర గొంతు దిగేదాకా కళ్లార్పకుండా చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు: ఒక డ్రైవరు, బ్రేకులు బాగోలేవని బస్సుతో మాటలు మానేశాడట. ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే ఆవులింత వచ్చింది.

"తర్వాత ఏమైంది?"

"పడుకో. రేపు ఆస్పత్రిలో మన వంతు వచ్చేదాకా పనేముంది? మిగతాది అక్కడ చెప్తా."

"మర్చిపోరుగా?"

"మర్చిపోతే కల్పిస్తా. నీకెలాగూ తేడా తెలీదు."

దానికి ఘాటుగా ఏదో అనబోయింది కానీ సగంలోనే నిద్ర పట్టేసింది. అతను లేచి లైటు ఆర్పాడు. మళ్లీ వేశాడు. ఆమె మొహం కనబడేలా గోడకి ఆనుకుని, కునుకు పట్టక, అలాగే కూర్చున్నాడు.