పన్ను ఎగ్గొట్టిన తాతారావు

నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టును. చెట్టును కాదు, సెట్టును. భీమవరంలో ఒక దంతవైద్యుడి బల్ల మీద, గులాబీరంగు చిగుళ్ళతో సహా పుట్టాను. పుట్టీ పుట్టగానే పడ్డాను పాలకొల్లు తాతారావు గారి నోట్లో. ఉయ్యాల్లో ఉండగానే పేరులో తాతయిపోయిన మనిషి!

ఊరందరికీ ఆయన తలలో నాలుకట. ఛీ! ఆ నాలుక పక్కన కాపురం చేసింది నేను, నన్నడగండి. చుట్ట కంపు, నశ్యం తుమ్ములు, సందుల్లో ఇరుక్కున్న ఎండు నెత్తళ్ళ చేపముళ్ళు.

నాకున్నవి రెండే వరసలు, పైదీ కిందదీ. ఆయనకు వరస కానివాడే లేడు. బావా, అల్లుడూ అంటూ దారినపోయేవాడితో కూడా వరస కలిపేవాడు గానీ, నా వరసలు కలవనిస్తే ఒట్టు. పన్ను కట్టించుకుని కూడా ఎగ్గొట్టిన ఘనుడు. చుట్టముక్కతో పాటు నన్నూ జేబులో పడేసి, బోసినోటితో ఊరంతా నవ్వుకుంటూ తిరిగేవాడు. మనవలెవరైనా ఏడిస్తే మాత్రం నేను గుర్తొచ్చేదాన్ని. నోట్లో పెట్టుకుని, నాలుకతో సగం బయటికి తోసి, లటుక్కున లాక్కునేవాడు. బిడ్డ కిలకిలా నవ్వి నన్ను పీకేది. ఆ చొంగంతా నా మీదే. థూ!

భార్య తాయారమ్మ ఆయన కోసం జంతికలు రోట్లో దంచి పెట్టేది.

"ఆ పళ్ళెట్టుకుని తినొచ్చు కదండీ?"

"ఎట్టుకుంటే నువ్వు దంచిపెట్టవు కదే!"

చేసేది దంపుడు, దాని పేరు దాంపత్యం.

మొన్న మాఘంలో ఆయన నిద్రలోనే పోయాడు. నేను కిటికీ గూట్లో, గ్లాసు నీళ్ళలో మిగిలాను. పెద్దకార్యానికి పటం కావాలి. అసలు అసహ్యం అప్పుడు మొదలైంది. పెద్దకొడుకు వీర్రాజుకు తండ్రి బోసినోరు నామోషీ. స్టూడియోవాడితో చెప్పి పటంలో పళ్ళు అతికించుకొచ్చాడు. నావి కాదండీ! ఎవడో టూత్‌పేస్టు ప్రకటనవాడివి. తెల్లగా, బారుగా, ముప్ఫైరెండూ ముందుకే. అది నవ్వు కాదు, ఇకిలింపు. చూసి నాకే పళ్ళు జివ్వుమన్నాయి.

"అమ్మా, దండెయ్యి" అన్నాడు వీర్రాజు.

తాయారమ్మ పటం వంక చూసి, దండ ఒళ్ళోనే ఉంచుకుంది.

"పరాయి మగాడికి దండెయ్యమంటావేట్రా? ఈ వయసులో నాకు రెండో పెళ్ళా?"

పంతులుగారికి దగ్గు తెర వచ్చింది.

"నాన్నేనే అమ్మా! కాస్త బాగుచేయించాను."

"ఇన్నేళ్ళ కాపురంలో నావల్ల కాలేదు, నీ స్టూడియోవోడు బాగుచేసేత్తాడా? ఆయన్ని తెచ్చి ఎట్టు. లేపోతే నేనిక్కణ్ణించి లేవను. రేపట్నించీ ఎవరి మొహం చూసుకుని ఏడవాల్రా నేను?"

చివరికి చిన్నకోడలు తన ఫోన్లో ఒక ఫొటో చూపించింది. భుజాన తుండు, ఒళ్ళో మనవరాలు, గుహలా నోరు తెరిచి నవ్వుతున్న తాతారావు. వీర్రాజు ఫోను పట్టుకుని స్టూడియోకి పరుగెత్తాడు. వచ్చేసరికి పులుసు చల్లారింది, చుట్టాలు వేడెక్కారు.

తాయారమ్మ దండ వేసింది. "చూడు, ఎలా నవ్వుతున్నాడో సిగ్గులేని మనిషి!" అని పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. అప్పటిదాకా మహానుభావుడూ పుణ్యాత్ముడూ అని పాఠం అప్పజెప్పిన చుట్టాలు, ఆ బోసినోరు చూసి మొదటిసారి నిజంగా ఏడ్చారు.

ఆ సందట్లో ఎవరో గూట్లో గ్లాసు తీసి పెరట్లో ఒంపేశారు. ఎంగిలాకుల కుప్ప మీద, ఈగల మధ్య, వంకాయ తొడిమను కరుచుకుని పడి ఉన్నాను. ఛీ, ఏం బతుకు! నేను లేకపోబట్టే ఆ నోరు అంత నిండుగా ఉందని ఇప్పటికి తెలిసింది. ఏడుద్దామంటే, నన్ను చేసినవాడు నాకు పళ్ళిచ్చాడు గానీ కళ్ళివ్వలేదు.