పసుపు తీగ మీద పద్నాలుగు

మూడో పెట్టెకూ పద్నాలుగే వచ్చింది. కంప్యూటర్ల మరమ్మతు కొట్లో మీటరాయన తన వోల్టు మీటరు ఎర్రమొన, నల్లమొన చొక్కా అంచుతో తుడిచి మళ్లీ గుచ్చాడు. అదే అంకె. కంప్యూటరుకు కరెంటు అందించే ఆ రేకు పెట్టెలో పసుపు తీగ మీద పన్నెండు వోల్టులుండాలి. కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. పద్నాలుగంటే పెట్టె పోయినట్టే.

కరెంటు లాగే బరువేదీ తగిలించకుండా కొలిస్తే అంకె తప్పుతుందని ప్రతి పెట్టెకూ పాత హార్డ్‌డిస్కు తగిలించి మరీ చూసే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే డిస్కు, అదే ఎత్తుపీట, వేళ్ల చివర అవే కాలిన మచ్చలు. ఇంట్లో ఏనాడూ ఆయన మాట చెల్లింది లేదు గాని, కొట్లో మాత్రం ఆయన పోయిందంటే పోయినట్టే. పాపం, ఆయనకున్న ఆస్తల్లా ఆ ఒక్క మాటే.

మూడూ ఒకేలా ఎలా చెడతాయి? అనుమానమొచ్చి, అలమారలోని కొత్త పెట్టెను విప్పి కొలిచాడు. పద్నాలుగు. మీటరు వెనక మూత తీసి బ్యాటరీ మార్చాడు. మళ్లీ కొలిస్తే అన్నిటికీ పన్నెండే. బ్యాటరీ నీరసిస్తే మీటరు ఎక్కువ చూపిస్తుందని కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పింది తనే.

పది రోజులుగా పోయాయన్న పెట్టెలు బల్లకింద గుట్టపడి ఉన్నాయి. టైపు చేసుకు బతికే ఆవిడదీ అందులోనే ఉంది. దుమ్ము దులపమని తెస్తే, పోయిందని చెప్పి కొత్తది పెట్టించాడు.

కొట్టు యజమాని స్వయానా బావమరిది.

"అందరికీ కబురు చేద్దాంరా. తప్పు నాది."

"చేసి? మా బావకు కళ్లు మసకేశాయని బోర్డు కట్టమంటావా?" అతను నవ్వాడు. "ఇన్ని ఎప్పుడైనా అమ్మామా? ఆ పాత బ్యాటరీయే పెట్టెయ్ బావా. కలిసొచ్చింది."

"తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి కూడా అనమంటావా?"

"అక్క మొహం చూసి కూర్చోబెట్టాను నిన్ను. నీ మీటరు చూసి కాదు."

ఆయన టైపావిడ పెట్టె చంకన పెట్టుకుని ఆమె ఇంటికి నడిచి వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే అంతా విన్నది.

"పోయిందన్నదీ మీరే అన్నగారూ, బాగుందంటున్నదీ మీరే. ఏ మాట నమ్మమంటారు?"

పెట్టె అరుగు మీద దించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొట్టు మెట్లెక్కలేదు.

బల్ల మీద మీటరు అలాగే ఉంది, మొనలు ఇంకెవరిదో పెట్టెకు గుచ్చి ఉన్నాయి. పాత బ్యాటరీని మళ్లీ అందులో ఎవరు పెట్టారో, అద్దంలో పద్నాలుగు కనబడుతోంది.