ఎలా పోయాడని ఎవరిని అడగను?

చనిపోయినవారి మీద శోకం పాడడం నా వృత్తి. బాగ్దాదులోని మా సందులో ఎవరింట చావు జరిగినా ఆడవాళ్ళు నన్నే పిలుస్తారు. నేను చరణం ఎత్తుకుంటాను. వాళ్ళు గుండెలు బాదుకుంటూ అందుకుంటారు. పాడే ముందు ఆ ఇంటివారిని ఒక్క మాట అడగడం ఆచారం: ఎలా పోయాడు? వారు చెప్పిందే పాడాలి. అలా పాడినదాన్ని మా వాళ్ళు మళ్ళీ ప్రశ్నించరు.

1939 ఏప్రిల్‌లో ఒక ఉదయం మా దేశపు రాజు పోయాడు. ఇరవై ఏడేళ్ళవాడు. గద్దెనెక్కి ఆరేళ్ళు నిండలేదు. కారు స్తంభానికి గుద్దుకుందని సర్కారు చెప్పింది. ఆంగ్లేయులు చంపించారని బజారు చెప్పింది. మధ్యాహ్నానికి అరవైమంది ఆడవాళ్ళు నల్ల ముసుగులతో నా వాకిట్లో నిలబడ్డారు.

నా కొడుకు షాకిర్ పోలీసు. యూనిఫారంలోనే పెరటి గుమ్మంలోంచి వచ్చాడు.

"అమ్మా, పోయాడని పాడు. చంపారని మాత్రం పాడకు. ఆ మాట ఎత్తినవాళ్ళని పట్టుకురమ్మన్నారు. సందు మొగలో డ్యూటీ నాదే."

"అయితే నన్ను నువ్వే పట్టుకుంటావన్నమాట."

"వేళాకోళం కాదే. నా ఉద్యోగం పోతుంది, నువ్వు లోపలికి పోతావు."

వాకిట్లోకి వచ్చాను. రొట్టెలు కాల్చి అమ్మే ఫఖ్రియా అందరికన్నా ముందు నిలబడి ఉంది.

"ఏం పిన్నీ, తినేది సర్కారు జీతమని గొంతు కూడా వాళ్ళకే ఇచ్చేశావా?"

నేను ఆడవాళ్ళ వైపు తిరిగాను. అలవాటు కొద్దీ నా నోరు అడిగేసింది.

"ఎలా పోయాడు?"

చెప్పడానికి ఇంటివాళ్ళెవరూ అక్కడ లేరు. అందుకని అందరూ చెప్పారు.

"చంపారు!"

"ఎవరు చూశారు?"

"మా మరిదికి అంతా తెలుసు."

"మీ మరిది చూశాడా?"

"లేదు, టీకొట్టువాడు చెప్పాడట."

నిజం కోసం అడిగానో, కొడుకు కోసం అడిగానో ఆ క్షణంలో విడదీసి చూసుకోలేకపోయాను. ఇప్పటికీ విడదీయలేను.

నాకు తెలిసినంతే పాడాను.

"నాలుగేళ్ళు నిండని నీ బిడ్డ నీ గద్దె మీద కూర్చోవాలి,
కాళ్ళు నేలకు అందవు తండ్రీ, ఎవరు ఎత్తి కూర్చోబెడతారు?"

ఆడవాళ్ళు అందుకున్నారు గాని, గుండెల మీద వాళ్ళ దెబ్బలో బలం లేదు. అప్పుడు ఫఖ్రియా అరిచింది.

"చంపారు తండ్రీ, నిన్ను చంపారు!"

జనం ఒక్కసారిగా ఊగిపోయారు. అయితే ఆ మాటకు లయ లేదు. అరవై జతల చేతులు తలో తీరుగా పడుతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా శోకాన్ని నడిపినదాన్ని. దిక్కులేని శోకాన్ని చూస్తూ ఉండలేకపోయాను. నా అరచెయ్యి గుండె మీద పడింది. మళ్ళీ పడింది. చేతులన్నీ దానితో కలిశాయి. నేను పలకని మాట నా దెబ్బ మీద నడుస్తూ, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని సందు మొగకు చేరింది.

షాకిర్ అక్కడ తోటి పోలీసులిద్దరితో నిలబడి ఉన్నాడు. ఆ మాట ఎత్తింది ఫఖ్రియా. వాళ్ళు ఆమెను పట్టుకున్నారు. ఒక రెక్క నా కొడుకు చేతిలో ఉంది. ఆపమన్నట్టు వాడు నా చేతి వైపు చూశాడు.

ఆపితే అందరూ ఆపుతారు. ఆమె ఒంటరిగా వెళ్తుంది.

రాజును చంపారో లేదో నాకు తెలియదు. ఆమె మాటకు బలం ఇచ్చింది నేనేనని మాత్రం తెలుసు. గుండె బాదుకుంటూనే వాళ్ళ వెనక ఠాణా వైపు నడిచాను. ఆడవాళ్ళు నా వెనక వచ్చారు. షాకిర్ దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనుదిరిగి చూడలేదు.