జపాను పాట, అహ్లోన్ నడక

టేపు తెగిన రోజు నుంచి సత్యారావు నోరు తెరవడం మానేశాడు. పక్షవాతంతో మంచాన పడ్డా మింగే శక్తి మాత్రం ఆయనకు మిగిలే ఉంది. డాక్టరు అదే చెప్పాడు. మింగగలడు, మింగడం లేదు, ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, అది వేసే ఆసుపత్రిలో చోటు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు అని చెప్పి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. మల్లిక గంజి గిన్నెతో మొగుడి పక్కన కూలబడింది.

ఆ టేపు సంగతి కాస్త చెప్పాలి. పడుచు వయసులో సత్యారావు సరుకు ఓడల్లో పనిచేసేవాడు. జపానులోని యొకొహామా రేవులో ఒక కొట్టువాడు ఎవరూ కొనని క్యాసెట్లు బుట్టలో పోసి వదిలించుకుంటుంటే, అట్ట మీద బొమ్మ నచ్చి ఒకటి తెచ్చుకున్నాడు. సముద్రం పక్కన రోడ్డు, తెల్ల కారు, దానికి ఆనుకుని ఆ పాటలు పాడిన పిల్ల. ఆ పిల్లను వాళ్ళ దేశంలోనే ఎవరూ పట్టించుకోలేదు. సముద్రం ఇవతల, అహ్లోన్ పేటలోని ఈ తెలుగువాళ్ళ ఇంట్లో మాత్రం ఆమె ఇంటి ఆడపడుచు. పాటలో ముక్క అర్థం కాకపోయినా వీళ్ళ కాపురంలోని అలకలూ, వంటలూ, పిల్ల జోలా అన్నీ ఆ గొంతు వింటూనే సాగాయి. బుర్ర సగం చెదిరిపోయాక కూడా ఆ టేపు పెడితే చాలు, సత్యారావు నోరు తెరిచేవాడు. వానాకాలపు బూజు పట్టి, ప్లేయర్లో చుట్టుకుని, చివరికి అది పీలికలైంది.

కూతురు పద్మిని చిమిండైంగ్ బజారులో మందుల కొట్లో పనిచేస్తుంది. బజారంతా గాలించినా ఆ క్యాసెట్టు దొరకలేదు. చివరికి, సర్కారు మూసేసిన సైట్లు తెరిచే యాప్ ఏదో పెట్టుకుని ఫోన్లో పట్టుకుంది. అదే తెల్ల కారు, అదే పిల్ల. ఇన్నాళ్ళూ గాలికి వదిలేసిన ఆ పాటల కోసం ఇప్పుడు ఎక్కడెక్కడి కుర్రకారో కింద కామెంట్లు రాసి కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఆ రోజుల్లో మేం పుట్టనేలేదు, అయినా ఆ రోజులే గుర్తొస్తున్నాయి అంటున్నారు. పుట్టని కాలం కోసం ఏడవడంలో ఎంత సుఖం ఉందో చూడండి.

పద్మిని పాట పెట్టింది. మల్లిక మొహం వాడిపోయింది.

"ఇది కాదే. ఈ పిల్లెవరో గెంతుకుంటా పోతంది. మన పిల్ల ఇలాగ పాడదు."

సత్యారావు పెదాలు ఇంకా బిగించాడు.

మల్లిక పాట మళ్ళీ పెట్టించుకుని వింది. అప్పుడు వెలిగింది. అప్పట్లో కరెంటు ఉన్నా బల్బు ఆరిపోయే నిప్పుకణికలా ఉండేది. బ్యాటరీలు దొరకడం గగనం. అయిపోయినవాటిని రేకుల మీద ఎండబెట్టి, ఇంకొన్నాళ్ళు లాగేవాళ్ళు. ఆ నీరసపు బ్యాటరీలతో టేపు ఈడుస్తూ తిరిగేది, గొంతు బరువెక్కి పాట సాగేది. కొత్త బ్యాటరీలు దొరికే కాలానికి ప్లేయరు మోటారే ముసలిదైపోయింది. పాపం ఆ పిల్ల హుషారుగా పాడిన పాటను, ఏదో తీరని దిగులుతో పాడిందని ఇన్నేళ్ళూ జాలిపడ్డారు. మల్లికకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

పద్మిని ఫోన్లో పాట వేగం తగ్గించి చూసింది. గొంతు బరువెక్కలేదు, మాటలు మాత్రం సాగి పుక్కిలించినట్టు వినిపించాయి. మూలిగే నక్క మీద తాటిపండులా, అంతలో ఫోన్ ఆరిపోయింది. పొద్దుటి నుంచి కరెంటు లేదు.

ఆకలితో మొగుడు కళ్ళెదుటే కరిగిపోతున్నాడు. మల్లికకు పాడటం రాదు, జపాను మాటలు అసలే రావు. సిగ్గు పక్కనపెట్టి, చెవిలో మిగిలిన చప్పుళ్ళనే పట్టుకుని, గొంతు బాగా దించి, ఎండబెట్టిన బ్యాటరీల నడకలో పాట ఎత్తుకుంది.

సత్యారావు పెదాలు వదులయ్యాయి. నోరు తెరుచుకుంది. పద్మిని చెంచాతో గంజి పోసింది. గుటక పడింది. మల్లిక కళ్ళు తుడుచుకోవడానికి ఒక్క క్షణం ఆగిందో లేదో, నోరు మూతపడింది. మళ్ళీ ఎత్తుకుంటే మళ్ళీ తెరుచుకుంది. ఇక ఆపకూడదని తల్లీకూతుళ్ళకు తెలిసిపోయింది. ఒకరు పాడుతుంటే ఒకరు పోశారు.

ఒక గుటకకీ ఇంకో గుటకకీ మధ్య ఆయన నాలుక కదిలింది. మంచాన పడ్డాక అదే మొదటి మాట. ముద్దముద్దగా వచ్చినా ఇద్దరికీ అర్థమైంది.

"బేట్రీలైపోతన్నాయి. ఆపీ. మల్లికొచ్చి ఇంటాది, దానికుంచు."

పద్మిని చెంచా ఆపి తల్లి వైపు చూసింది. బావా, నేనే మల్లికనని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాలని మల్లిక ప్రాణం కొట్టుకులాడింది. చెప్పాలంటే పాట ఆపాలి. ఆపితే ఆ నోరు మళ్ళీ తెరుచుకుంటుందో లేదో. గిన్నెలో సగం గంజి ఇంకా అలాగే ఉంది. పొయ్యమని కూతురికి కళ్ళతోనే సైగ చేసి, మల్లిక పాడుతూనే ఉంది.