నేల తప్పు

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ పడి నెల కావస్తోంది. లింబాయత్ వలస కార్మికుల బస్తీలోని ఒంటిగదిలో ముత్యం ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. ఇరవై ఏళ్లు బట్టల కార్ఖానాలో సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో బతికిన మనిషి. ఆ మోత ఆగిపోయేసరికి అతనికి ఏమీ తోచడం లేదు. గడపదాకా వెళ్తాడు, పోలీసు ఈల వినగానే వెనక్కి వస్తాడు.

"జర ఒక్క జాగల కూసోరాదు? నిన్ను జూస్తే నాకే తల తిరుగుతుంది" అని భార్య వినోద విసుక్కుంది.

కూతురు సంతోషి ఏడో తరగతి. 'మా నాన్న పనిచేసే చోటు' నమూనా చేసి ఫొటో పంపమని బడి నుంచి మెసేజ్ వచ్చింది. ఆ పిల్ల అగ్గిపుల్లలతో నాలుగు బుల్లి సాంచాలు కట్టి, నున్నటి తెల్ల అట్టమీద నిలబెట్టింది.

ముత్యం వంగి చూశాడు. "కార్ఖానా నేల గిట్ల ఉంటదా బిడ్డా?"

"మరెట్ల చెయ్యాలె పప్పా? దుకాన్లన్నీ బంద్ ఉన్నయి."

"దుకాన్ ఎందుకు? సామాన్ ఇంట్లనే ఉంది."

చించిన పాత పేపర్లను నానబెట్టి, మైదా ఉడికించిన జిగురులో పిసికి, అట్టమీద ఎగుడుదిగుడుగా పరిచాడు. గడప ముందరి ఇసుకను చాయ జాలీతో జల్లించి చల్లాడు. వాడేసిన చాయపత్తా ఎండబెట్టి అద్దితే ఏళ్లనాటి మురికి వచ్చింది. గుడ్డు పెంకులు నలిపి అంటిస్తే పగిలిన గచ్చు తయారైంది. పాత లుంగీ నుంచి గీకిన నూగు మూలల్లో పేరుకుంది. రెండు రోజులు అతని చేతులకు నిమ్మళం దొరికింది.

మూడోరోజు నాలుగో సాంచా పక్కకు వచ్చాడు. అక్కడ గుంట ఉంటుంది, అందులో నూనె నిలుస్తుంది. బొటనవేలితో గుంట నొక్కి, మసి కలిపిన జిగురు పోశాడు. ఆరాక అది తడి నూనెలాగే నిగనిగలాడింది.

"ఈడ ఎవలూ జారిపడరా పప్పా?" అంది సంతోషి.

ముత్యం లేచి గదిలో తిరగసాగాడు. రెండేళ్ల కింద తనతో పనిచేసే సోమలింగం జారింది కార్ఖానాలో సరిగ్గా అక్కడే. కుడిచేతి వేళ్లు నాలుగూ సాంచాలో పోయాయి. ఎట్లా జరిగిందని కార్ఖానా యజమాని సేఠ్ అడిగితే, "ఆయనకు ధ్యాస లేకుండె" అని సాక్ష్యం చెప్పింది తనే. ఆ మాటతోనే సోమలింగాన్ని పనిలోంచి తీసేశారు.

దారులు, కార్ఖానాలు తెరిచిన వారానికి ముత్యం ఆ అట్టను పట్టుకుని కోసాడ్‌లోని సోమలింగం ఇంటికి వెళ్లాడు.

"నీ ధ్యాస తప్పు గాదన్నా. నేల తప్పు. నాకు ఎరికే. నౌకరి పోతదని భయపడి అబద్ధం చెప్పిన."

సోమలింగం ఎడమచేత్తో ఆ గుంటను తడిమాడు. "రెండేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న ముత్యం."

క్షమించానని అనలేదు. కానీ మర్నాడు ముత్యం వెంట కార్ఖానాకు వచ్చాడు.

కార్ఖానాలో పన్నెండుమంది ఆ అట్ట చుట్టూ చేరారు. రోజూ తొక్కే నేలను మొదటిసారి చూసినట్టు చూశారు. గుంట పూడ్చాలి, సోమలింగానికి పని ఇవ్వాలి అని పట్టుబట్టి ఒక్క సాంచా నడపలేదు. సేఠ్ అరిచాడు, బెదిరించాడు. అయినా ముత్యం అందరి ముందూ తన పాత సాక్ష్యం అబద్ధమని ఒప్పుకున్నాడు. మూడోరోజు గుంటలో సిమెంటు పడింది. సోమలింగానికి గేటు దగ్గర పని దొరికింది. పోయిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు.

పనిచోట మనిషి పడిపోతే మనం ముందుగా అతని అజాగ్రత్తనే వెతుకుతాం. అతను నిలబడిన నేలను చూడాలి. చూసినవాళ్లు, ఆలస్యమైనా సరే, నోరు విప్పి చెప్పాలి.