ఎడమ పక్క చప్పుడు

నేను ఒక ఇంజన్ని. ఇలా ఒక్కణ్ణే చెప్పుకోవడం ఇంకా అలవాటు కాలేదు. చాలా ఏళ్ళపాటు మేము రెండు ఇంజన్లం. ఒకే కార్ఖానాలో తయారై, ఒకే లారీలో గోదావరి గట్టుకి వచ్చాం. ముత్యాలరావు గారు కొత్తగా కట్టించిన లాంచీలో నన్ను కుడి పక్క, రెండోదాన్ని ఎడమ పక్క బిగించారు. మా మధ్య ఒక మనిషి వంగి కూర్చునేంత చోటు ఉండేది. అంతకు మించి ఎడం ఎరగం.

మా ఇద్దరికీ ఒకటే తేడా. నేను కుడికి తిరిగితే అది ఎడమకి తిరిగేది. ఎందుకలా అన్నది చేసినవాళ్ళకి తెలుసు. ఎక్కినవాళ్ళు అడగలేదు, నడిపినవాడూ అడగలేదు.

నడిపినవాడు సరంగు ఓలేటి గంటయ్య. పొద్దున్నే ముందు ఎడమదాన్ని లేపేవాడు. అది దగ్గేది, నల్లగా పొగ కక్కేది, తిట్లు తినేది. తరువాత నేను. రేవు దాటే లోపు మా రెండు చప్పుళ్ళూ దగ్గరై దగ్గరై ఒకటైపోయేవి. అప్పుడు గంటయ్య చక్రం మీద చిటికెన వేలు ఒక్కటి ఉంచి, రెండో చేత్తో చుట్ట వెలిగించుకునేవాడు. పాలక్యాన్లూ అరటిగెలలూ పట్టుకుని కూర్చున్న, ఏటి మధ్య లంకలవాళ్ళు ఆ వేలినే చూసేవారు. గీత గీసినట్టు పోనిస్తాడని ఈ గట్టునా ఆ గట్టునా పేరు. ఆ పేరంటే అతనికి చుట్టకన్నా ఇష్టం.

అతని భార్య సత్తెమ్మ మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది. దసరాకి మా ఇద్దరికీ పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎడమదానికి మాత్రం ఒక బంతిపువ్వు ఎక్కువ పెట్టేది.

"దానికెందుకే ఎక్కువ?" అనేవాడు గంటయ్య.

"రోజూ నీ తిట్లు తినేది అదే కదా. ఆ బాధ నాకు తెలుసు."

ఒక ఏడు వరదలు తీశాక ఎడమదాని కడుపులో టకటకమని చప్పుడు మొదలైంది. జిలాని మేస్త్రీ వచ్చి విప్పి చూశాడు.

"క్రాంకు అరిగిందండి. కాకినాడ పంపి సాన పట్టిస్తే ఇంకా కొన్నేళ్ళు లాగుద్ది. కాకపోతే నెల్లాళ్ళు లాంచీ ఆపాలి."

ముత్యాలరావు గారు గంటయ్య వైపు చూశారు. "నువ్వేమంటావయ్యా? రోజూ నడిపేవాడివి నువ్వు."

"తీయించేయండి బాబు," అన్నాడు గంటయ్య. "పడవని లాగేది కుడిది. అది ఊరికే పక్కన కూచుని దగ్గుద్ది. నా చెయ్యి ఉండగా ఏ ఇంజనైతే ఏంటండి?"

అంతే, ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. పలకలు లేపి, గొలుసులు కట్టి దాన్ని పైకి లాగారు. అది కూర్చున్న చోట నూనె మరక మిగిలింది.

ఆ చోటనే కొత్త ఇంజను వచ్చింది. పచ్చరంగు, మెత్తని గొంతు, పొగ లేదు. మంచిదే, దాని మీద నాకేమీ కోపం లేదు. కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. నది మధ్యకి రాగానే లాంచీ ఎడమ గట్టుకేసి మళ్ళసాగింది. గంటయ్య చిటికెన వేలు తీసి చెయ్యి వేశాడు. తరువాత రెండో చెయ్యీ వేశాడు.

"ఏం గంటయ్యా, అరటితోటలోకి తోలుకుపోతన్నావేంటి?" అన్నాడొక ప్రయాణికుడు.

"గాలండి, గాలి," అన్నాడు గంటయ్య. గట్టున కొబ్బరాకు కదలడం లేదు.

సాయంత్రానికి అతని భుజం వాచింది. సత్తెమ్మ కొబ్బరినూనె కాచి తెచ్చి రేవులోనే మర్దనా చేస్తూ, "ఆ చిటికెన వేలు ఏ ఊరెళ్ళిందయ్యా?" అంది. అతను నవ్వలేదు. ఆమె మరి ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకి జిలాని మళ్ళీ వచ్చాడు. మా మధ్య కూర్చుని ఇటూ అటూ చూసి తల పట్టుకున్నాడు.

"రెండూ కుడికే తిరుగుతున్నాయి బాబాయ్. బోల్టులు కొలిచాను, ఎత్తు కొలిచాను. ఎటు తిరుగుద్దో చూడలేదు. పాతది ఇటు నెట్టేది, ఈ కుడిది అటు నెట్టేది. మధ్యలో పడవ తిన్నగా పోయేది."

"మరి నా చెయ్యి?"

జిలాని తల వంచుకుని పానాలు సంచిలో వేసుకున్నాడు. మంచివాడు.

గంటయ్య వంగి, కొత్తదాని కింద మిగిలిన ఆ నూనె మరకని వేలితో తడిమాడు. చుట్ట చేతిలోనే ఆరిపోయింది. మర్నాడు ముత్యాలరావు గారి వాకిట్లో నిలబడ్డాడు.

"తప్పు నాదే బాబు. నెల్లాళ్ళు నాకు జీతం వద్దు. పాతదాన్నే సాన పట్టించి తెచ్చేద్దామండి."

"దాన్ని లంకలో మొక్కజొన్న రైతుకి ఇచ్చేశాం కదయ్యా. ఇచ్చినది మళ్ళీ అడిగితే ఏం బాగుంటుంది? అలవాటైపోద్దిలే."

అలవాటు అతనికీ కాలేదు, నాకూ కాలేదు. అయితే ఆ శీతాకాలం ఒక ఉదయం లంక పక్కగా పోతుంటే ఒడ్డున ఒక దగ్గు వినిపించింది. మొక్కజొన్న చేలో అది నీళ్ళు తోడుతోంది. గంటయ్య కొత్తదాన్ని ఆపేసి, నన్ను ఒక్కణ్ణే నెమ్మదిగా నడవనిచ్చాడు. దాని చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చి నా చప్పుడు పక్కన చేరింది. దగ్గరై దగ్గరై, కాసేపు ఒకటే అయింది. తరువాత ఎడం పెరిగింది. ఆ తరువాత రోజూ అక్కడ అలాగే చేసేవాడు. దసరాకి సత్తెమ్మ లంకలో దిగి, చీర తడుపుకుంటూ చేలోకి వెళ్ళి ఒక బంతిపువ్వు పెట్టి వచ్చింది. అంతమాత్రం దక్కింది మాకు.

రెండేళ్ళకి లంకలోకి కరెంటు వచ్చింది. చేలో మోటారు పెట్టారు. పాతదాన్ని ఎవరో బండి మీద తీసుకుపోయారట. ఎక్కడికని గంటయ్య అడిగాడు. రైతుకి గుర్తు లేదు.

ఇప్పటికీ ఆ చోటు రాగానే గంటయ్య కొత్తదాన్ని ఆపేస్తాడు. నేనొక్కణ్ణే కొట్టుకుంటూ పోతాను. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు.

"ఏంటయ్యా గంటయ్యా, రోజూ ఇక్కడే తగ్గిస్తావు?"

"ఆయ్, ఇక్కడ ఇసుక మేట వేసిందండి," అంటాడు, ఒడ్డుకేసి చెవి పెట్టి.

అక్కడ లోతు ఎక్కువ. మేట ఎప్పుడూ లేదు.